చేసిన మేలు తెలిసినవాడు
(మన పక్కనే ఉన్న ప్రకృతికి కృతజ్ఞత గురించి)



వార్షికోత్సవం రోజు వేదిక మీద మనం చాలామందికి కృతజ్ఞతలు చెబుతాం. వార్డెన్ గారికి, వంట మనుషులకు, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు, ట్యూషన్ చెప్పిన సార్లకు చెబుతాం. చెప్పాలి కూడా. అయితే ఆ జాబితాలో ఎన్నడూ చోటు దొరకని వాళ్లు కొందరున్నారు. వాళ్లకు మైకు ఇవ్వలేం, శాలువా కప్పలేం. మన ఆవరణలోని వేపచెట్టు అందులో ఒకటి. పొద్దున్నే పుల్ల విరుచుకుని పళ్లు తోముకున్నది దానితోనే. పరీక్షల ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్నది దాని కిందే. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు ఎవరికీ కనబడకుండా ఏడ్చింది కూడా దాని చాటునే. ఈసారి సంచికలో ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెట్టే.

నేను ఈ హాస్టల్‌లో అయిదేళ్లు చదువుకున్నాను. ఇప్పుడు హైదరాబాదులో, హైటెక్ సిటీ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాను. కొత్తగా మాదాపూర్ వచ్చినప్పుడు నాకు అద్దాల భవనాలు తప్ప మరేమీ కనిపించలేదు. మా ఊరి చెరువు, గుట్ట, చింతచెట్లు అన్నీ వెనకే ఉండిపోయాయని, ఇక్కడ ప్రకృతి అనేదే లేదని అనుకునేవాణ్ణి. మొదటి ఎండాకాలంలో ఒక రోజు బస్సు కోసం చెట్టు కింద నిలబడ్డాను. పక్కన ఒక ముసలి సెక్యూరిటీ గార్డు కూర్చుని సద్ది తింటున్నాడు. పాలమూరు వైపు మనిషి.

"ఏం చెట్టు కింద నిలబడ్డవో తెలుసా బిడ్డా?" అని అడిగాడు.

"తెల్వదు తాతా" అన్నాను.

"ఊరి పోరగానివి, కానుగ తెల్వదా?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు సిగ్గేసింది. పరీక్షల్లో కానుగ శాస్త్రీయ నామం రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. నెత్తి మీద నీడ పట్టిన అదే చెట్టును మాత్రం గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు మొదలుపెట్టి నేను ఇక్కడ తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

మాటలోనే ఉన్న అర్థం

కృతజ్ఞత అంటే థ్యాంక్స్ చెప్పడం అనుకుంటాం. ఆ మాటను విడదీసి చూడండి. 'కృత' అంటే చేసినది. 'జ్ఞ' అంటే తెలిసిన. కృతజ్ఞుడు అంటే తనకు ఎవరు ఏం మేలు చేశారో తెలిసినవాడు. దానికి వ్యతిరేక పదం కృతఘ్నుడు. 'ఘ్న' అంటే చంపే అని అర్థం. శత్రువులను చంపేవాడు శత్రుఘ్నుడు అయినట్టే, చేసిన మేలును చంపేవాడు కృతఘ్నుడు.

అంటే కృతజ్ఞతకు మొదటి మెట్టు తెలుసుకోవడం. తెలియకుండా చెప్పే కృతజ్ఞత వేదిక మీద చదివే జాబితా లాంటిది. రెండో మెట్టు, తెలిసిన మేలును చావనివ్వకపోవడం. ఈ రెండు మెట్లూ మనసులో పెట్టుకుని హైటెక్ సిటీ చుట్టూ ఒకసారి తిరిగి వద్దాం. అక్కడ మనకు మేలు చేస్తున్నవి ముఖ్యంగా నాలుగు: రాయి, చెరువు, చెట్టు, కంచ.

అన్నిటికన్నా ముందు రాయి

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీకి అదే పుట్టినరోజు అనుకుంటే, ఆ భవనం నిలబడ్డ రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. హైదరాబాదు చుట్టూ మనం చూసే గుండ్లన్నీ ఆ గ్రానైటువే. హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టాయి అనిపించేంత పాత రాళ్లివి.

ఒక గుండు మీద మరో గుండు ఎవరో పేర్చినట్టు ఎలా నిలబడింది? చిన్నప్పుడు మనకు భీముడు పేర్చాడనో, రాక్షసులు ఆడుకున్నారనో చెప్పేవాళ్లు. అసలు సంగతి కూడా కథకు తీసిపోదు. కరిగిన శిల భూమి లోపల చాలా లోతున నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. కోట్ల ఏళ్లలో పైపొరలు అరిగిపోయి బరువు తగ్గేసరికి ఈ రాయి నిలువునా అడ్డంగా పగిలి దిమ్మలుగా మారింది. ఆ పగుళ్లలోకి నీరు దిగి రాయిని మెత్తబరిచింది. దిమ్మ మూలను నీరు మూడు వైపుల నుంచి తింటుంది. అంచును రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒకే వైపు నుంచి తింటుంది. అందుకే మూలలు ముందుగా పోయి చదరపు దిమ్మ గుండ్రటి గుండు అయింది. తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మన్ను వానలకు కొట్టుకుపోయి గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలిపోయాయి. గచ్చిబౌలి దగ్గర హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాయి ఇందుకు మంచి ఉదాహరణ. మీ ఊళ్లో గుట్ట ఉంటే ఈ పాఠం అక్కడ కూడా చూడవచ్చు.

ఈ రాయి మనకు చేసిన మేలేమిటి? వాన పడినప్పుడు గుట్ట మీది నీరు కిందికి జారి పల్లంలో చేరుతుంది. రాళ్ల సందుల్లో నిలిచిన గుప్పెడు మన్నులో సీతాఫలం చెట్టు బతుకుతుంది. దాన్ని ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. మనం గుట్టల్లో తిరిగి తెంపుకున్న సీతాఫలాలు రాయి పెట్టిన భోజనమే. నగరం పెరిగేకొద్దీ ఎన్నో గుట్టలు కంకరగా మారి రోడ్లలో కలిసిపోయాయి. ఉన్నవాటినైనా కాపాడాలని 1996లో కొందరు పౌరులు సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టుకున్నారు. చెట్టును నరికితే మళ్లీ నాటవచ్చు. గుండును పేలిస్తే మళ్లీ నాటడానికి విత్తనం లేదు.

రాయి ఒడిలో చెరువు

గుట్టల నుంచి జారిన నీటిని ఆపడానికి మన పెద్దలు రెండు గుట్టల మధ్య కట్ట పోశారు. అదే చెరువు. మాదాపూర్ పక్కనున్న దుర్గం చెరువును చూస్తే ఈ సంగతి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చుట్టూ గుండ్లు, నడుమ నీళ్లు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇక్కడి నుంచే వెళ్లేది. గుట్టల చాటున ఉండి బయటివాళ్లకు కనిపించదు కాబట్టి దీన్ని రహస్య చెరువు అని కూడా పిలిచారు. ఇప్పుడు రహస్యమేమీ లేదు. 2020 సెప్టెంబరు 25న దాని మీద కేబుల్ వంతెన ప్రారంభమైంది. రాత్రిపూట వంతెన దీపాల ముందు ఫొటోలు దిగేవాళ్లు చాలామంది. కింద ఉన్న నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్లు తక్కువ.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల మామూలు వాన పడినా ఒక్కో ఎకరం మీద 40 వేల లీటర్ల నీరు పడుతుంది. మన్ను ఉంటే అందులో కొంత ఇంకుతుంది. సిమెంటు ఉంటే దాదాపు అంతా పరుగెత్తుతుంది. ఆ పరుగును ఆపి, మెల్లగా భూమిలోకి దింపి, బావులకూ బోర్లకూ నీరందించేది చెరువు.

చెరువుకు మూడు ముఖ్యమైన భాగాలుంటాయి. నీటిని ఆపేది కట్ట. కావలసినంత వదిలేది తూము. నిండిన తర్వాత మిగిలిన నీటిని పంపేది మత్తడి. దీన్నే కొన్నిచోట్ల అలుగు అంటారు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కాలువలో నడిచి కింది చెరువును నింపుతుంది. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అన్నారు. గొలుసులో ఒక కడియం తెగినా మిగతావి పనిచేయవు. చెరువు శిఖంలో, కాలువ మీద ఇళ్లు లేస్తే నీరు ఎక్కడికి పోతుంది? దానికి తన పాత దారే తెలుసు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానల్లో అదే జరిగింది. ఎన్నో కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి అన్నారు. చాలాచోట్ల ముందుగా నీళ్ల ఇంట్లోకి వెళ్లింది మనమే. మేలును చంపడం అంటే ఏమిటో అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆ నీరు ఎవరిది?

ఇక్కడ మనలాంటి వాళ్లం ఒక మాట మాట్లాడుకోవాలి. చెరువును కాపాడింది ఎవరు? ఊరి చెరువు తూము తెరవడం, మూయడం, చివరి మడి దాకా నీరు పారించడం నీరటికాడి పని. వాన రాత్రి కట్ట మీద కాపలా ఉండి, గండి పడకుండా చూసేది అతడే. చాలా ఊళ్లలో ఈ పని తరతరాలుగా దళిత కుటుంబాల వాళ్లే చేశారు. పూడిక తీసిన తట్టలు మోసింది మన అవ్వలు, తాతలే. అయినా అదే ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర వాళ్లకు చోటు ఉండేది కాదు. దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి.

1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించినా అది కాగితం మీదే ఉండిపోయింది. నీళ్లు తాగినందుకు దెబ్బలు తిన్నారు, కోర్టుకు తిరిగారు. చివరికి 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ల హక్కును ఒప్పుకుంది. అంబేడ్కర్ గారు తాగింది దాహం కోసం కాదు. ప్రకృతి అందరికీ ఇచ్చినదాన్ని కొందరే పంచుకోకూడదని చెప్పడం కోసం.

చెరువు ఎవరినీ కులం అడగలేదు. అడిగింది మనుషులు. కాబట్టి చెరువుకు కృతజ్ఞత చెప్పేటప్పుడు నీరటికాడిని, పూడిక తీసిన చేతులను మరిచిపోతే ఆ కృతజ్ఞత సగమే. మన ఇళ్లలో ఇంకా చెరువు పనులు తెలిసిన ముసలివాళ్లు ఉంటారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లను అడగండి. చెరువు కట్ట మీద కట్ట మైసమ్మను ఎందుకు నిలబెట్టుకున్నారో వాళ్లే చెబుతారు.

చెట్టు చేసే పని

ఇప్పుడు ఆ ముసలి గార్డు చూపించిన కానుగ దగ్గరికి వద్దాం. హైదరాబాదు రోడ్ల పక్కన కానుగ విరివిగా కనిపిస్తుంది. ఎండలు ముదిరే రోజుల్లో, మనకు నీడ కావలసిన సమయానికి అది లేత ఆకులు తొడుగుతుంది. దాని గింజల నూనెతో పూర్వం దీపాలు వెలిగించారు. ఆకును పొలానికి పచ్చిరొట్టగా వేశారు. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి.

చెట్టు కింద చల్లగా ఎందుకుంటుంది? గొడుగు కింద కూడా నీడ ఉంటుంది కానీ అంత చల్లదనం ఉండదు. కుండలో నీళ్లు చల్లబడడం మీకు తెలుసు. కుండ సన్నని రంధ్రాల నుంచి నీరు బయటికి చెమ్మగిల్లి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. ఆకు కూడా అదే పని చేస్తుంది. వేళ్లు తాగిన నీరు ఆకు రంధ్రాల నుంచి ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని తీసుకుంటుంది. అద్దాల భవనంలో ఏసీ లోపలి వేడిని తీసి వీధిలోకి ఊదుతుంది. చెట్టు మాత్రం వీధినే చల్లబరుస్తుంది. ఏసీ చల్లదనం లోపలున్న వాళ్లకు మాత్రమే. చెట్టు చల్లదనం బండి మీద అన్నం పొట్లాలు మోసే పిల్లాడికి, ఊడ్చే అక్కకు, మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే అవ్వకు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు దగ్గర నగర పౌరులు సెప్టెంబరు 28న చేరి ఆ రోజును తలుచుకోవడం ఆనవాయితీ అయింది. ఎక్కినవాళ్లను అది కులం అడగలేదు, మతం అడగలేదు.

చెట్టు ఒంటికే కాదు, మనసుకు కూడా మేలు చేస్తుంది. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త 1984లో ఒక పరిశీలన ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగులను ఆయన పోల్చి చూశారు. సగం మంది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కొంత ముందుగా ఇంటికి వెళ్లారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. బెంగపడ్డ పిల్లవాడు వేపచెట్టు చాటుకు ఎందుకు పోతాడో మన ఒంటికి ముందే తెలుసన్న మాట.

కంచ అంటే ఖాళీ జాగా కాదు

నాలుగోది కంచ. పశువులు మేసే గడ్డినేలను తెలంగాణలో కంచ అంటారు. దున్నని నేల కాబట్టి కాగితాల్లో బీడు అనిపించుకుంటుంది. బీడు అంటే ఏమీ లేనిదని పట్నంవాళ్లు అనుకుంటారు. పశువులు కాసిన మనకు తెలుసు అందులో ఏముంటుందో. తంగేడు, గునుగు, రేగు, బలుసు, పిచ్చుక గూళ్లు, నెమలి అడుగులు.

తంగేడునే తీసుకోండి. నీళ్లు లేకపోయినా పసుపు పచ్చగా పూస్తుంది. దాని చెక్కతోనే మన పెద్దలు తోళ్లను పదును చేశారు. ఊరందరి కాళ్లకు చెప్పులు, బావులకు మోటబొక్కెనలు ఆ చెక్క, ఆ చేతులు కలిసి చేసినవే. బతుకమ్మలో మొదటి వరస దానిదే. 2014లో తెలంగాణ రాష్ట్రం తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. మూడూ తోటమాలి అక్కర లేకుండా కంచల్లో, పొలాల గట్ల మీద బతికేవే. వానాకాలం చివర చెరువులు నిండినప్పుడు, ఎవరూ నాటని పూలు ఏరుకొచ్చి, పేర్చి, పాడి, చివరికి ఆ చెరువులోనే వదులుతాం. ఇంటి పక్క ప్రకృతికి కృతజ్ఞత చెప్పే పండుగ మనకు ఎప్పటి నుంచో ఉంది.

హైటెక్ సిటీకి దగ్గరలోనే కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని కంచ గచ్చిబౌలి ఉంది. పేరులోనే కంచ ఉంది చూడండి. అక్కడి 400 ఎకరాల్లో 2025 మార్చి చివర బుల్డోజర్లతో చెట్లు తొలగించడం మొదలైంది. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపమని ఆదేశించింది. భూమి ఎవరిదన్న వాదన వేరు. ఆ వాదనలో అందరూ తెలుసుకున్న సంగతి ఒకటుంది. ఖాళీ జాగా అనుకున్న చోట జింకలు, నెమళ్లు, తాబేళ్లు, గుండ్లు, కుంటలు ఉన్నాయి. వాటి పేర్లు తెలిసిన పిల్లలు ఉన్నారు కాబట్టే వాటి తరఫున మాట్లాడగలిగారు. పేరు తెలియని చెట్టు కోసం ఎవరూ నిలబడరు.

కృతజ్ఞత అంటే తలవంచడం కాదు

ఒక అనుభవం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రావలసిన అదనపు డ్యూటీ డబ్బులు అడిగితే ఒక పై అధికారి "ఊళ్ల నుంచి వచ్చిన మీకు ఇక్కడ సీటు దొరికింది, కృతజ్ఞతగా ఉండాలి కదా" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు కుట్టింది. హాస్టల్లో చదివిన పిల్లలకు ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. ప్రభుత్వం అన్నం పెట్టింది, నోరు మూసుకుని ఉండాలి అని.

ఇది కృతజ్ఞత కాదు. మన హాస్టల్ ఎవరి దానమూ కాదు. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యను ప్రత్యేక శ్రద్ధతో ప్రోత్సహించాలని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వానికి చెప్పింది. అదే రాజ్యాంగం 51-ఎ(జి)లో అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం, జీవుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని కూడా చెప్పింది. మొదటిది మన హక్కు, రెండోది మన బాధ్యత.

మనుషులు చేసే మేలులో కొన్నిసార్లు లెక్క ఉంటుంది. కానుగ నీడలో లెక్క లేదు. కుల ధ్రువీకరణ పత్రం అడగదు, ఆదాయ పత్రం అడగదు, తర్వాత ఎత్తి చూపదు. దాని ముందు కృతజ్ఞతతో నిలబడితే మనిషి చిన్నవాడు కాడు, తనకూ ఈ నేల మీద సమాన వాటా ఉందని తెలిసి నిటారుగా నిలబడతాడు. ఆ వాటా ఎవరైనా మింగుతుంటే అడిగే ధైర్యం కూడా అక్కడి నుంచే వస్తుంది. కలిగినవాళ్లకు చెరువు పోతే ట్యాంకరు వస్తుంది, చెట్టు పోతే ఏసీ వస్తుంది. మనకు వాటికి బదులు ఏమీ రాదు. అందుకే ఈ కృతజ్ఞత మనకు తీరిక వేళ ముచ్చట కాదు, బతుకు అవసరం.

మనం చేయగలిగినవి

1. మీ ఆవరణలోని ప్రతి చెట్టు పేరు తెలుసుకోండి. పుస్తకంలో పేరుతోపాటు మీ అమ్మ పిలిచే పేరు కూడా రాసుకోండి.

2. వారానికోసారి నోటుపుస్తకంలో అయిదు మేళ్లు రాయండి. 2003లో ఎమ్మన్స్, మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో పది వారాలు ఇలా రాయించారు. తమకు దక్కిన మేళ్లను రాసినవాళ్లు, చికాకులను రాసినవాళ్ల కన్నా తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నారని గమనించారు. "ప్రకృతి బాగుంది" అని రాయకండి. "ఈ రోజు కిటికీ దగ్గర పిగిలిపిట్ట ముక్కుతో పీచు మోసుకుపోయింది" అని రాయండి.

3. పళ్లాలు, బియ్యం కడిగిన నీళ్లు మోరీలోకి పోనివ్వకుండా చెట్లకు మళ్లించండి. సబ్బు కలిసినవి వద్దు.

4. వినాయకుడికి మట్టి విగ్రహమే పెట్టండి. బతుకమ్మతోపాటు ప్లాస్టిక్ కవరు చెరువులో వేయకండి.

5. చట్టం తెలుసుకోండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీరు, భూమి, చెట్ల రక్షణ కోసమే. అనుమతి లేకుండా చెట్లు నరుకుతుంటే, చెరువు పూడుస్తుంటే అధికారులకు కాగితం రాయడం పెద్ద చదువేమీ కాదు. తేదీ వేసి, సంతకం చేసి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి.

6. పట్నం వచ్చిన పాత మిత్రులకు ఒక మనవి. సెలవు రోజు మాల్‌కు బదులు ఒకసారి పిల్లలతో దుర్గం చెరువు గట్టు మీదికో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కో వెళ్లండి. నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకోవడం చూపించండి. ఊళ్లో మీరు ఏ చెట్టు ఎక్కారో చెప్పండి.

చివరి మాట

కిందటేడు హాస్టల్‌కు వచ్చినప్పుడు వేపచెట్టు కింద కూర్చున్న ఏడో తరగతి తమ్ముణ్ణి దీన్ని ఎవరు నాటారని అడిగాను. తెలియదన్నాడు. నాకూ తెలియదు. అయిదేళ్లు దాని కింద ఉన్నవాణ్ణి, ఎన్నడూ అడగలేదు. వంటింట్లో పనిచేసే అమ్మ చెప్పింది. చాలా ఏళ్ల క్రితం ఇక్కడ పనిచేసిన ఒక కామాటి తాత పారతో గుంత తీసి నాటాడట. ఎండాకాలంలో గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లతో మోసి పోశాడట. మన హాస్టల్ శిలాఫలకం మీద ఆయన పేరు లేదు. ఆయన వచ్చి ఈ నీడలో కూర్చున్నాడో లేదో కూడా ఎవరికీ తెలియదు.

చేసిన మేలు తెలిసినవాడే కృతజ్ఞుడు అని మొదట్లో చెప్పుకున్నాం. ఈ వార్షికోత్సవం రోజు వేదిక దిగాక ఒక్కసారి ఆ చెట్టు దగ్గరికి వెళ్లండి. రెండు బకెట్ల నీళ్లు పోయండి. పక్కన ఇంకొక మొక్క నాటండి. మీ తర్వాత వచ్చే తమ్ముడు "ఇది ఎవరు నాటారు?" అని అడిగితే చెప్పడానికి ఒకరైనా ఉండాలి.

- మీ హాస్టల్ పూర్వ విద్యార్థి